పంపు ఇంకా కిందికి దించు

మా ఊరు అనంతపురం జిల్లాలో. ఎండాకాలం బోరులో నీళ్ళు దిగిపోయినప్పుడల్లా మా నాయన ఒకటే పని చేసేవాడు. మోటారు పైకి లాగించి, ఇంకో రెండు పైపులు తగిలించి, మళ్ళీ దించేవాడు. నీళ్ళు అందితే ఆ ఏడు చీనీ చెట్లు బతికేవి. అందకపోతే మోటారు కాలేది. చదువు పూర్తయ్యాక నేను టెక్సాస్ పడమటి కొసన మిడ్‌లాండ్ చేరాను. మొదటిసారి చమురు బావి మీద నిలబడ్డ రోజు, ఆ పనిలో తల నెరిసిన ఒక పెద్దాయన నాకిచ్చిన మొదటి సలహా ఇది: "ఆయిలు తగ్గిందా? పంపు ఇంకా కిందికి దించు." మా నాయన మాటే ఇంగ్లీషులో విన్నట్టయింది. మరో ఆలోచన లేకుండా నమ్మాను.

ఆ మాట తప్పు. అలాంటివి ఇంకా చాలా విన్నాను, కొన్ని నేనే ఇతరులకు చెప్పాను. విశాఖలోని పెట్రోలియం, ఎనర్జీ సంస్థ నుంచి, కాకినాడ జేఎన్‌టీయూ నుంచి వచ్చే పిల్లలకు ఇక్కడ మొదటి వారంలో చేతికందేది ఈ సలహాలే. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకప్పుడు, నిటారు బావుల్లో, ఈ మాటల్లో చాలావరకు పనికొచ్చినవే. బావి అడ్డం తిరిగింది, సలహా మాత్రం తిరగలేదు. అందుకని నేను విన్నవి విన్నట్టు రాసి, పాటిస్తే ఏమవుతుందో చెప్తాను.

ముందు బావి ఎలా ఉంటుందో కళ్ళకు కట్టాలి. మిడ్‌లాండ్ చుట్టూ ఉన్న ఈ పర్మియన్ ప్రాంతంలో ఇప్పుడు తవ్వే బావి ఏడెనిమిది వేల అడుగులు, కొన్నిచోట్ల పది వేల అడుగులు నిటారుగా దిగుతుంది. అక్కడ వంపు మొదలు. నూరు అడుగులకు పది డిగ్రీల చొప్పున వంచితే ఆ వంపు వ్యాసార్ధం సుమారు 570 అడుగులు వస్తుంది. తర్వాత వోల్ఫ్‌క్యాంప్, స్ప్రాబెర్రీ లాంటి రాతి పొరల్లో అడ్డంగా రెండు మైళ్ళు పోతుంది, మూడు మైళ్ళవీ ఉన్నాయి. మన వైపు ఎండిపోయిన దిగుడుబావి అడుగున సైడు బోర్లు వేయిస్తారు కదా, ఊహించుకోవడానికి అది దగ్గర. వంపు ముగిసి అడ్డం మొదలయ్యే చోటును ఇక్కడ మడమ అంటారు, చివరను కాలివేలు అంటారు. ఆ రెండు మైళ్ళ పొడవునా నీళ్ళు, ఇసుక విపరీతమైన ఒత్తిడితో కొట్టి రాయిని చీలుస్తారు, దీన్నే ఫ్రాక్ చేయడం అంటారు. చీలికలు మూసుకోకుండా ఇసుకను అక్కడే వదిలేస్తారు. ఆ చీలికల్లోంచి చమురు, ఉప్పునీళ్ళు, గ్యాస్ మూడూ కలిసి వస్తాయి. ఒక బ్యారెల్ చమురుకు మూడు నాలుగు బ్యారెళ్ళ నీళ్ళు రావడం ఇక్కడ మామూలు. మొదటి ఏడాది తిరిగేసరికే ఉత్పత్తి సగానికి పైగా పడిపోతుంది. మొదట వేల బ్యారెళ్ళు తోడిన బావినే కొన్నేళ్ళకు వంద బ్యారెళ్ళ కోసం బతిమాలుకోవాలి.

"పంపు ఇంకా కిందికి దించు"

నిటారు బావిలో ఈ మాటకు అర్థముంది. బావి గోడకు వేసిన ఉక్కు గొట్టానికి, అంటే కేసింగ్‌కు, కన్నాలు కొట్టిన చోటు కంటే పంపు కిందికి దించితే, గ్యాస్ తనంతట తానే పైకి పోతుంది, ద్రవం కిందికి దిగి పంపుకు అందుతుంది. ఖర్చులేని ఏర్పాటు. అడ్డం పోయిన బావిలో అలాంటి అడుగు లేదు. కన్నాలన్నీ ఆ రెండు మైళ్ళలో ఉన్నాయి. పంపు ఎక్కడ పెట్టినా వాటికి పైనే ఉంటుంది, గ్యాస్ దాని ముందు నుంచే పోవాలి.

సరే, వంపులోకి దించితే ఒత్తిడి కొంతైనా కలిసి రాదా? లెక్క వేద్దాం. వంపు మొదలైన చోటు నుంచి అడ్డం భాగం దాకా నిలువు ఎత్తు 570 అడుగులే. అందులో నిండా మంచినీళ్ళే ఉన్నా 250 పీఎస్‌ఐకి మించదు. నిజానికి అక్కడుండేది సగానికి పైగా గ్యాస్ కలిసిన నురుగు, కాబట్టి దక్కేది 100 పీఎస్‌ఐ చుట్టుపక్కల. బావి కొత్తగా ఉండి, రాతిలో ఒత్తిడి వేల పీఎస్‌ఐలలో ఉన్నప్పుడు ఈ వంద కోసం పంపు ప్రాణం పణంగా పెట్టడం తెలివైన పని కాదు. బావి ముసలిదై రాతిలో ఒత్తిడే కొన్ని వందలకు దిగినప్పుడు మాత్రం ఆ వందకు విలువ వస్తుంది. అప్పుడైనా వంపు కోసమే చేసిన పంపులు, గొట్టానికి రాసుకోకుండా గైడ్లు వేసిన రాడ్లు ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి.

నేను నమ్మి దించిన పంపు సంగతి చెప్తానింక. అది రాడ్ పంపు. పైన ఏతాం లాంటి దూలం ఊగుతుంటుంది. ఏతాం మీద మనిషి నడిచేవాడు, ఇక్కడ మోటారు తిప్పే క్రాంకు, దానికి ఎదురు బరువు. టెక్సాస్‌లోనే లఫ్కిన్‌లో డబ్ల్యూ.సి. ట్రౌట్ 1925లో తయారుచేసిన పద్ధతి అది, వందేళ్ళుగా పెద్దగా మారలేదు. దూలం కొసకు వేలాడే ఉక్కు రాడ్లు వేల అడుగులు దిగి అడుగున పంపును పైకీ కిందికీ ఆడిస్తాయి. మేం ఆ పంపును వంపులో నలభై ఐదు డిగ్రీలు దాటిన చోటికి దించాం. మొదటి నెల ఆయిలు కాస్త పెరిగింది, అందరం సంతోషించాం. నాలుగో నెలలో, రాడ్లు ఆడే లోపలి గొట్టానికి, అంటే ట్యూబింగ్‌కు, కన్నం పడింది. బయటికి తీసి చూస్తే ఒక పక్కన మాత్రమే, కత్తితో కోసినట్టు, పొడుగాటి గాడి. వంపులో రాడ్లు లోపలి పక్కకు ఆనుకుని, నిమిషానికి ఆరేడుసార్లు, రాత్రీ పగలూ రుద్దుకున్నాయి. ఇంకొక సంగతి అప్పటికి నాకు తెలియదు. పంపు అడుగు వాల్వులో ఒక ఉక్కు బంతి ఉంటుంది, అది తన బరువుతో తానే పీట మీద కూర్చోవాలి. పంపు పడుకున్నకొద్దీ బంతి పక్కకు జారి ఆలస్యంగా కూర్చుంటుంది. ఆ ఆలస్యంలో, తోడిన దాంట్లో కొంత వెనక్కి కారిపోతుంది.

ఈఎస్‌పీకి, అంటే బావిలోకి దించే విద్యుత్ పంపుకు, ఈ సలహా ఇంకా ప్రమాదం. రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి అమెరికా వచ్చిన ఆర్మాయిస్ ఆరుట్యునాఫ్ ఓక్లహామాలోని బార్ట్‌లెస్‌విల్‌లో రెడా అనే కంపెనీ పెట్టి ఈ పంపును ప్రపంచానికి ఇచ్చాడు. మన బోరు మోటారు దానికి చుట్టమే. మోటారు, సీల్, పంపు కలిపి పొడుగాటి సన్నని గొట్టం, లోపల ఇరుసు నిమిషానికి 3,500 చుట్ల దాకా తిరుగుతుంది. వంపుకు పైనే, నిటారుగా, తిన్నగా ఉన్న చోట కూర్చోబెడితే నెలల తరబడి పనిచేస్తుంది. వంగిన చోట కూర్చోబెడితే ఇరుసు వంగి తిరుగుతుంది, బేరింగులు అరిగిపోతాయి.

అసలు తిన్నగా ఉన్న చోటేదో ఎలా తెలుస్తుంది? దానికీ ఒక తప్పుడు సలహా ఉంది: "డ్రిల్లర్ ఇచ్చిన సర్వే చూసుకో, చాలు." ఆ సర్వే సుమారు 95 అడుగులకు ఒకసారి తీసిన కొలత. ఆ మధ్యలో బావి పాములా మెలికలు తిరిగినా రెండు కొసలూ సరిపోతే కాగితం మీద తిన్నగానే కనిపిస్తుంది. పంపు కూర్చోబెట్టే ఆ రెండు మూడు వందల అడుగులకైనా గైరో సర్వే చేయించండి. అడుగడుగుకూ వంపు ఎంతో చెప్తుంది. ఖర్చు ఉంది, నిజమే. ఒక్కసారి రిగ్గు పిలిచి పంపు మార్చే ఖర్చుతో పోల్చి చూడండి.

"గ్యాస్ పట్టిందా, వేగం పెంచు"

పెకోస్ అనే ఊరి నుంచి ఒక రాత్రి మన తెలుగబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, పంపు ఆడుతోంది గానీ చుక్క రావట్లేదు. వేగం పెంచమంటున్నారు, పెంచేదా?"

"పెంచొద్దు. కార్డు చూశావా?"

"చూశా. సగం నిండినట్టుంది."

"అయితే తగ్గించు."

కార్డంటే ఒక్కో ఊపులో రాడ్ల మీద బరువు ఎలా మారుతోందో చూపే గీత, పంపు ఎంత నిండుతోందో దాన్ని బట్టి తెలుస్తుంది. బోరు మోటారుకు గాలి పడితే ఏమవుతుందో మన రైతుకు తెలుసు. ఇదీ అదే. పంపు గొట్టంలో గ్యాస్ చేరితే, రాడ్లు కిందికి దిగినప్పుడు ఆ గ్యాస్ నలుగుతుంది, పైకి లేచినప్పుడు ఉబ్బుతుంది. పై వాల్వు తెరుచుకోదు, కింది వాల్వు తెరుచుకోదు. దాన్నే గ్యాస్ లాక్ అంటారు. వేగం పెంచితే పంపు ఇంకా ఎక్కువ గ్యాస్ మింగుతుంది.

ఎందుకో ఒక లెక్క చెప్తాను, దీన్ని గుర్తుపెట్టుకుంటే సగం గొడవలు పోతాయి. చమురులో గ్యాస్ బుడగ సెకనుకు సుమారు అర అడుగు వేగంతో పైకి లేస్తుంది. ద్రవం అంతకంటే నెమ్మదిగా కిందికి దిగితే బుడగ తప్పించుకుంటుంది. వేగంగా దిగితే బుడగను కూడా లాక్కుపోతుంది. అయిదున్నర అంగుళాల కేసింగ్‌కు, రెండు ముప్పాతిక పైన ఇంకాస్త ఉండే ట్యూబింగ్‌కు మధ్యనున్న ఖాళీలో ఈ అర అడుగు హద్దు రోజుకు 600 బ్యారెళ్ళ చుట్టూ వస్తుంది. గ్యాస్‌ను వేరుచేసే సెపరేటర్ గొట్టం లావైతే హద్దు ఇంకా తగ్గుతుంది. రోజుకు 900 బ్యారెళ్ళు తోడే పంపు కింద "మంచి" సెపరేటర్ పెట్టి గ్యాస్ పోవడం లేదని తయారీవాళ్ళను తిట్టిన వాళ్ళను చూశాను. తప్పు సెపరేటర్‌ది కాదు, ఆ ఖాళీది.

మరి ఏం చెయ్యాలి? వేగం తగ్గించండి. రాడ్ల పొడవు సరిచేసి, కిందికి వచ్చినప్పుడు పై వాల్వు కింది వాల్వుకు వీలైనంత దగ్గరగా వచ్చేలా పెట్టండి. మధ్యలో ఖాళీ ఎంత తక్కువుంటే గ్యాస్ అంత గట్టిగా నలిగి వాల్వును తెరుస్తుంది. దగ్గరగా అన్నాను, తగిలేలా అనలేదు. "రెండుసార్లు అడుగుకు కొట్టు, లాక్ వదులుతుంది" అనే సలహా ఈ ఎడారిలో ప్రతి మూలా వినిపిస్తుంది. వదులుతుంది కూడా. ఒకసారి వదిలిందని ప్రతిరోజూ కొట్టిస్తారు. ప్రతి దెబ్బకూ వేల అడుగుల రాడ్ల దండ నలిగి, పక్కలకు వంగి ట్యూబింగ్‌ను గీరుతుంది, పంపు లోపలి రాడ్ దెబ్బతింటుంది. అలా కొట్టి కొట్టి విరిచిన పంపు మా దగ్గర ఒకటి ఉండేది.

"నీటిమట్టం పైనుంది, పెద్ద పంపు వెయ్యి"

బావి పైనుంచి ఒక శబ్దం పంపి, అది కింద ద్రవాన్ని తాకి తిరిగొచ్చే సమయాన్ని కొలిచి మట్టం ఎక్కడుందో చెప్పే పరికరం ఉంది. దారిలో ట్యూబింగ్ కీళ్ళ దగ్గర వచ్చే చిన్న చిన్న ప్రతిధ్వనులు లెక్కపెడితే లోతు తెలిసిపోతుంది. బాగా పనికొచ్చే పరికరం. కానీ అది చూపేది నురుగు పై అంచును.

హారిజాంటల్ బావిలో ట్యూబింగ్ చుట్టూ గ్యాస్ నిత్యం పైకి పొంగుతుంటుంది. పాలు పొంగినప్పుడు గిన్నె నిండా కనిపించేదంతా పాలు కాదు కదా. పంపు మీద రెండు వేల అడుగుల మట్టం కనిపించినా అందులో నిజమైన ద్రవం అయిదారు వందల అడుగులే ఉండొచ్చు. ఆ రెండు వేలు చూసి పెద్ద పంపు వేస్తే రెండు వారాల్లో అది గ్యాస్ తప్ప ఏమీ మింగదు. ఇలాంటి తప్పు నేను చేశాను, దాన్ని సరిదిద్దడానికి మూడు నెలలు పట్టింది.

దీనికి పాత పరీక్ష ఉంది, ఓపిక మాత్రం కావాలి. కేసింగ్ వాల్వు కొద్దిగా మూసి లోపల గ్యాస్ ఒత్తిడి పెరగనివ్వండి. ఒత్తిడి పెరిగినకొద్దీ నురుగు కిందికి నలుగుతుంది. ఎంత ఒత్తిడికి ఎంత దిగిందో రాసుకుంటూ పోతే ఆ నురుగులో ద్రవం ఎంత పాలో తేలుతుంది. గంటల పని. ఒక రాత్రి లారీలో కూర్చుని చేసినా అడ్డదిడ్డమైన కొనుగోలు ఒకటి తప్పుతుంది.

"చోక్ బార్లా తెరువు, మొదటి నెల అంకె పెద్దదిగా కనపడాలి"

ఈ సలహా బావి దగ్గర పుట్టదు. ఆఫీసులో పుడుతుంది. కొత్త బావి మొదటి ముప్పై రోజుల అంకె పెట్టుబడిదారులకు చూపించాలి, కాబట్టి బావి నోటి దగ్గర ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వును, అంటే చోక్‌ను, పూర్తిగా తెరిచి పెట్టమంటారు. నేను పనిచేసిన ఒకచోట ఈ మాట రోజుకు రెండుసార్లు ఫోన్లో వచ్చేది.

తెరిస్తే ఏమవుతుంది? బావి అడుగున ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. చమురులో కరిగి ఉన్న గ్యాస్, ఒత్తిడి ఒక హద్దు కిందికి దిగగానే, సోడా మూత తీసినట్టు విడిపోతుంది. అది చీలికల్లో చమురుకు అడ్డం వచ్చి ముందు తాను జారుకుంటుంది. చమురును పైకి నెట్టాల్సిన బలం అదే, దాన్ని ముందే ఖర్చుపెట్టేసుకుంటాం. ఇంకోవైపు, చీలికలను తెరిచి ఉంచిన ఇసుక మీద రాయి బరువంతా ఒక్కసారి పడుతుంది. గింజలు నలుగుతాయి, రాతిలోకి దిగబడతాయి, కొన్ని కొట్టుకొచ్చి పంపులో చేరతాయి. లూసియానా, టెక్సాస్ సరిహద్దులోని హేన్స్‌విల్ గ్యాస్ బావుల్లో 2010 ప్రాంతంలో కొన్ని కంపెనీలు చోక్ బిగించి నడపడం మొదలుపెట్టాయి. మొదట్లో అంకెలు చిన్నగా కనిపించాయి, తరుగు మాత్రం నెమ్మదించింది.

ప్రతి బావికీ బిగించడమే మందు అని నేను అనను. రాయిని బట్టి, గ్యాస్ పాలు బట్టి మారుతుంది. కానీ మొదటి నెల అంకె కోసం తెరవమన్నవాళ్ళు ఆ బావికి పద్నాలుగో నెలలో పంపు దించే రోజున అక్కడ ఉండరు. ఆ ఇసుక తీసేది మీరే. అందుకని ప్రతి మార్పుకూ కారణం, అడుగు ఒత్తిడి, ఇసుక ఎంత వచ్చిందో రాసిపెట్టండి. రేపు వాదించడానికి కాగితం కావాలి.

"గ్యాస్ వచ్చినప్పుడు ఆపు, నీళ్ళొచ్చినప్పుడు తిప్పు"

అడ్డం భాగం గీత గీసినట్టు తిన్నగా ఉండదు. తవ్వేటప్పుడు మంచి రాయిని వెంటాడుతూ కాస్త పైకి, కాస్త కిందికి పోతారు. "రాయి బాగుంటే చాలు, బావి ఎగుడుదిగుడైతే ఏముంది" అని ఆ రోజు అంటారు. పల్లాల్లో నీళ్ళు నిలుస్తాయి, మెరకల్లో గ్యాస్ చేరుతుంది. ఆ గ్యాస్ ఒత్తిడి పెరిగి పెరిగి, ముందున్న నీళ్ళ మడుగును ఒక్క తోపు తోస్తుంది. మడమ దగ్గరికి ముందు ఒక విడత నీళ్ళు, వెనకే ఒక విడత గ్యాస్. దీన్నే స్లగ్గింగ్ అంటారు. కాలివేలు మడమ కంటే కాస్త ఎత్తులో ఉంటే ద్రవం మడమ వైపు పారి రావడం సులువు. అయినా మధ్యలో గుంతలుంటే ఆ లాభం పోతుంది. నన్నడిగితే డ్రిల్లింగ్ వాళ్ళ మీటింగుకు పంపుల మనిషి వెళ్ళి కూర్చోవాలి. బావి తవ్వాక మనం చేసేదంతా సర్దుబాటే.

ఇప్పుడు ఈఎస్‌పీ సంగతి. గ్యాస్ విడత వచ్చినప్పుడు మోటారుకు భారం తగ్గుతుంది, కరెంటు పడిపోతుంది, రక్షణ స్విచ్చు కొట్టేస్తుంది. పంపు ఆగిపోతుంది. పైన ట్యూబింగ్‌లో వేల అడుగుల ద్రవంతో పాటు తేలుతున్న ఇసుకంతా నెమ్మదిగా కిందికి దిగి పంపు నెత్తిన కూర్చుంటుంది. ఆ ఇసుక మీద మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇరుసు బిగుసుకుంటుంది. రోజుకు నాలుగైదుసార్లు ఆగే పంపు ఎక్కువ కాలం బతకదు. ఆపకుండా ఉంచుదామంటే అదీ ప్రమాదమే. మోటారు ఒంటిని రాసుకుంటూ పోయే ద్రవమే దాన్ని చల్లబరుస్తుంది, సెకనుకు అడుగు వేగమైనా ఉండాలన్నది పాత లెక్క. గ్యాస్‌లో నిలబడ్డ మోటారు మా నాయన బోరు మోటారు కాలినట్టే కాలుతుంది.

దారి మధ్యలో ఉంది. వేగం మార్చగల డ్రైవ్ పెట్టండి. కరెంటు తగ్గడం మొదలవగానే, స్విచ్చు కొట్టేలోపే, వేగం తగ్గించి గ్యాస్‌ను పోనిచ్చి, నీళ్ళు అందగానే మెల్లగా పెంచే ఏర్పాటు చెయ్యండి. ఇసుక మళ్ళీ కిందికి దిగనంత వేగం, మోటారు వేడెక్కనంత నెమ్మది, ఈ రెంటి మధ్య జాగా ఎంతన్నది ప్రతి బావికీ వేరే. కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

రాడ్ పంపుకూ ఇదే జబ్బు వస్తుంది. పంపు నిండకపోతే ఆపేసే కంట్రోలర్ నిటారు బావుల కోసం పుట్టింది. అక్కడ పంపు నిండలేదంటే బావిలో ద్రవం అయిపోయిందనే. ఇక్కడ ఒక గ్యాస్ విడత పోతున్నా అది "అయిపోయింది" అనుకుని ఆపుతుంది. ఆ ఆగిన పది నిమిషాల్లోనే వెనకున్న నీళ్ళ విడత వచ్చిపోతుంది. పంపు లోపల నిజంగా ఏం జరుగుతోందో పైన కొలిచిన బరువు నుంచి లెక్కగట్టే పద్ధతిని శామ్ గిబ్స్ 1960లలోనే ఇచ్చాడు. ఆ కార్డు ఒక్కటి కాదు, వరసగా ఒక గంట కార్డులు చూసి అప్పుడు సెట్టింగ్ మార్చండి.

గ్యాస్ మరీ ఎక్కువగా ఉన్న బావుల్లో ఇదంతా ఎందుకని గ్యాస్ లిఫ్ట్ పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. పైనుంచి గ్యాస్ పంపి ద్రవాన్ని తేలికచేసి లేపుతారు. బావిలో తిరిగే భాగాలు లేవు, ఇసుకకు భయం లేదు. "మన కంపెనీలో అన్నిటికీ ఈఎస్‌పీయే" అని ఎవరైనా అంటే మాత్రం ఎందుకని అడగండి.

గ్యాస్ బావి నీళ్ళు నిండి చచ్చిపోతుంటే "ట్యూబింగ్ కాలివేలి దాకా తోసెయ్" అంటారు. టర్నర్, ఆయన సహచరులు 1969లో గ్యాస్ ఎంత వేగంగా పోతే నీటి చుక్కల్ని పైకి మోసుకుపోగలదో చెప్పే సూత్రం ఇచ్చారు. అది నిటారు బావికి. గొట్టం వాలుగా ఉన్నచోట నీళ్ళు అడుగు వైపు చేరి పాకుతూ వెనక్కి జారతాయి, అక్కడ ఇంకా ఎక్కువ వేగం కావాలి. 2008లో బెల్‌ఫ్రోయిడ్ బృందం ఆ వాలును కూడా లెక్కలోకి తెచ్చింది. అన్నిటికంటే కష్టమైన చోటు వంపు. ట్యూబింగ్ వంపును దాటితే చాలు, రెండు మైళ్ళు తొయ్యక్కర్లేదు.

పక్క బావికి ఫ్రాక్ చేస్తున్నారని తెలిసినా "మన పంపు నడుస్తూనే ఉండాలి" అనేది ఇంకొకటి. అక్కడి నీళ్ళు, ఇసుక చీలికల గుండా మన బావిలోకి వచ్చిపడతాయి. వారం ముందే కబురు తెప్పించుకుని, ఎప్పుడు మూయాలో నిర్ణయించుకోండి. బావిలో పోసే మందుల సంగతి ఒక్క మాట: పారఫిన్‌కు, పొలుసుకు (స్కేల్‌కు), తుప్పుకు ఒకే డ్రమ్ము పోయమనే అమ్మకందారును నమ్మకండి. ముందు నీళ్ళ పరీక్ష చేయించండి.

"అలారం మోగితే పరిగెత్తు"

ఇది రాయడం నాకు కష్టం. 2019 అక్టోబరులో ఒడెస్సాలో, మిడ్‌లాండ్‌కు అరగంట దూరంలో, చమురు బావుల్లోకి నీళ్ళు ఎక్కించే ఒక స్టేషన్‌కు రాత్రిపూట ఒక పంపర్, అంటే బావులు, పంపులు చూసుకునే మనిషి, ఒంటరిగా వెళ్ళాడు. పంపు మీద అలారం వచ్చింది, చూసి రావాలి. పంపుకు కరెంటు తీసి తాళం వేయలేదు. అది తనంతట తాను ఆన్ అయింది. కారిన నీళ్ళలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొచ్చింది. ఆ గ్యాస్‌ను పసిగట్టే పరికరం అతని దగ్గర లేదు, బండిలో ఉండిపోయింది. ఎంతకీ ఇంటికి రాలేదని భార్య పిల్లల్ని కారులో ఎక్కించుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూడా అక్కడే చనిపోయింది. పిల్లలు కారులో బతికారు.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలియదు. "వాసన లేదు కదా, ఫర్వాలేదు" అని చెప్పేవాళ్ళ మాట వినకండి. పరికరం చొక్కాకు తగిలించాకే బండి దిగండి. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే వైపు నుంచి నడవండి. కరెంటు తీసి, మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. బయల్దేరేముందు ఎవరికైనా ఫోన్ చెయ్యండి. మీరు ఫోన్ చేయకపోతే మిమ్మల్ని వెతకడానికి ఇంట్లోవాళ్ళు కాక, గాలి సిలిండరుతో కూడిన మాస్కు ఉన్న మనిషి రావాలి. పంపు ఒక రాత్రి ఆగితే పోయేది కొన్ని బ్యారెళ్ళు.

"పాతది పారేసి కొత్తది దించు"

రిగ్గు వచ్చి పంపు పైకి తీసినప్పుడు అందరికీ తొందర. రిగ్గుకు గంట లెక్కన డబ్బు పోతుంటుంది. పాత పంపును వేడినీళ్ళతో కడిగి, లారీలో పడేసి, అలాంటిదే కొత్తది దించేస్తారు. అదే బావి, అదే పంపు, అదే చోటు, అవే నాలుగు నెలలు.

కడగనివ్వకండి. పంపు లోపల ఏముందో ముందు చూడండి. బంతి, పీట మధ్య ఇసుక గింజ ఇరుక్కుందా? ఫ్రాక్ ఇసుక గుండ్రంగా, ఒకే సైజులో ఉంటుంది, రాతి పొడి మెత్తగా, రంగు వేరుగా ఉంటుంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఐరన్ సల్ఫైడ్ కావచ్చు, గట్టిగా తెల్లగా పెచ్చుకట్టి ఉంటే పొలుసు. ఒక చుక్క యాసిడ్ వేస్తే బుసబుసమని పొంగితే కాల్షియం కార్బనేట్, కదలకపోతే బేరియం సల్ఫేట్ అనుమానించండి. ట్యూబింగ్‌కు ఒక పక్కనే గాడి ఉంటే అది ఏ లోతు నుంచి ఏ లోతు దాకా ఉందో టేపు పెట్టి కొలిచి, గైరో సర్వే పక్కన పెట్టి చూడండి. మెలిక ఎక్కడుందో కనపడుతుంది. రాడ్ విరిగితే విరిగిన ముఖాన్ని ఫొటో తియ్యండి, తుప్పు గుంత దగ్గర మొదలైందా, సుత్తి దెబ్బ దగ్గర మొదలైందా అన్నది అందులోనే ఉంటుంది.

ఇసుకను గుప్పెడు తీసి ప్లాస్టిక్ సంచిలో వేయండి. సంచి మీద బావి పేరు, తేదీ, పంపు ఎన్ని అడుగుల లోతు నుంచి వచ్చిందో రాయండి. నా ఆఫీసు సొరుగులో అలాంటి సంచులు అరవైకి పైగా ఉన్నాయి. వాటిలో మొదటిది వంపులో నలభై ఐదు డిగ్రీలు దాటిన చోటి నుంచి వచ్చింది.